‘కూడదు’ నుండి ‘నాకు వద్దు’ వరకు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది సాయంకాలపు తరగతులలో నేర్చిన తెలుగు. పగలంతా బడిలో ఇంగ్లీషులో పాఠములు చెప్పి, రాత్రి ఏడు గంటలకు చర్చి హాలులో బల్లల ముందు కూర్చుండి అఆలు దిద్దినవారము. కనుక మా మాటలలో పాండిత్యము వెతకవద్దని మనవి. చెప్పదలచిన సంగతి మాత్రము మా మనస్సులో చాలాకాలముగా ఉన్నది. సభవారు క్రైస్తవ కుటుంబములను గురించి మాట్లాడమన్నారు. అందులో ఒక్క భాగమే తీసుకొంటున్నాము. మెట్రిక్ పాసై కాలేజీకి వెళ్ళబోయే పిల్లలను, అక్కడ ఎదురయ్యే ఒత్తిడులకు తల్లిదండ్రులు ఎట్లు సిద్ధపరచవలెను?

ఈ సభలో క్రైస్తవులము కొద్దిమందిమే. అయినా ప్రక్క కుర్చీలో కూర్చున్న హిందూ సోదరులు “ఇది మా సంగతి కాదు” అని అనుకొనవద్దు. ప్రార్థన చేసే స్థలము వేరైనా, సెలవుల చివర పిల్లల పెట్టెలు కారులో సర్దేటప్పుడు తల్లి కడుపులో కలిగే బాధ ఒక్కటే.

ముందుగా మనము ఎక్కడినుండి వచ్చినామో జ్ఞాపకము చేసుకొందాము. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరినది. అప్పటినుండి 1911 వరకు 1,52,184 మంది కూలి ఒడంబడిక మీద నాటాలుకు వచ్చినారని లెక్క. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగువారు వారిలో ఉన్నారు. కొందరు క్రైస్తవులు తమ విశ్వాసమును కూడా బట్టల మూటతోపాటు కట్టుకొని వచ్చినారు. చెరకు తోటలలో, తేయాకు తోటలలో వారికి తెలుగులో వాక్యము చెప్పే కాపరి లేడు. 1903లో నెల్లూరు వైపునుండి రెవరెండు జాన్ రంగయ్యగారు వచ్చినారు. ఆయనను పంపినది దొరలు కాదు, తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ. అనగా అక్కడి తెలుగు సంఘములే చేతనైనంత పోగుచేసి, సముద్రము దాటిన తమ బిడ్డల కొరకు ఒక కాపరిని పంపినాయి. ఆ సంవత్సరము చివరలోనే స్టాంగరు దగ్గర కియర్స్నీ తోటలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడినది.

ఇది గర్వముతో చెప్పుకొనవలసిన చరిత్రయే. కాని ఇందులో ఒక సంగతి గమనించండి. తోట లైనులలో అందరి బ్రతుకూ ఒకే కప్పు క్రింద ఉండేది. పిల్లవాడు తప్పు చేస్తే ప్రొద్దు క్రుంకక ముందే తల్లికి తెలిసేది. పొరుగింటి అవ్వ చెవి మెలిపెట్టేది, సంఘ పెద్ద పిలిచి మందలించేవాడు. తరువాత చాట్స్‌వర్తు, ఫీనిక్స్ వంటి పేటలకు మారినా అంతే. పిల్లల చుట్టూ ఎప్పుడూ పది జతల కండ్లు. వారిని మనము మంచివారిగా పెంచినామని అనుకొన్నాము. పెంపకము చేసిన పని ఎంతో, ఆ పది జతల కండ్లు చేసిన పని ఎంతో ఎవరూ వేరుచేసి చూడలేదు.

ఇక కాలేజీ సంగతి. 1959లో వచ్చిన చట్టము విశ్వవిద్యాలయములను జాతులవారీగా విడదీసినది. 1961లో డర్బన్ రేవులోని సాలిస్బరీ ద్వీపములో భారతీయుల కొరకు ఒక యూనివర్శిటీ కాలేజీ తెరిచినారు. నౌకాదళము వదలిన పాత కట్టడములే తరగతి గదులు. విద్యార్థులు పడవ ఎక్కి చదువుకు పోయేవారు. 1970ల ఆరంభములో అది వెస్ట్‌విల్ కొండమీదికి మారినది. మా తరమువారు చాలామంది చదివినది ఆ కొండమీదనే. ఒత్తిడులు మాకూ ఉండెను. 1980లో విద్యార్థులు తరగతులను బహిష్కరించినప్పుడు లోపలికి పోవుటా, బయట నిలుచుటా అన్నది చిన్న ప్రశ్న కాదు. అయితే సాయంత్రమయ్యేసరికి మాలో ఎక్కువమందిమి బస్సు ఎక్కి ఇంటికి వచ్చి, అమ్మ వండిన కూరతో అన్నము తిని, నాయన కూర్చున్న గదిలోనే పుస్తకము తెరిచినవారము. పగటి ఒత్తిడిని రాత్రి ఇల్లు కడిగివేసేది.

1994 తరువాత తలుపులు తెరుచుకొన్నాయి. 2004లో వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయము నాటాలు విశ్వవిద్యాలయముతో కలిసి ఒకటైనది. ఇప్పుడు మన పిల్లలు ప్రిటోరియాకు, స్టెలెన్‌బోష్‌కు, కేప్ టౌన్‌కు పోతున్నారు. డర్బన్ నుండి కేప్ టౌన్ రోడ్డు మీద 1,600 కిలోమీటర్లకు పైమాటే. మన పెద్దలు పోరాడి తెచ్చిన స్వేచ్ఛ ఇది. దీనిని చూసి విచారించే హక్కు మనకు లేదు. అయితే తేడాను మాత్రము గ్రహించవలెను. మనము ఇంటినుండి కాలేజీకి పోయి వచ్చినవారము. వారు ఇంటిని విడిచి పోతున్నారు. చట్టము కూడా మారినది. మన కాలములో ఇరువదియొక్క సంవత్సరములు నిండితేనే పెద్దవారు. 2007 నుండి పదునెనిమిదికే పెద్దవారు. వారి గదికి తాళము వారిదే, వారి సంతకము వారిదే. కనుక “మేము చదువుకోలేదా, మేము చెడిపోయినామా?” అని పిల్లలతో వాదించుట న్యాయము కాదు. మన అనుభవము వారికి సగమే పనికివస్తుంది.

అక్కడి ఒత్తిడులు ఏమిటి? మనము గొంతు తగ్గించి ‘తాగుడు’ అంటాము. అది ఉన్న మాటే. శుక్రవారము సాయంత్రము రెసిడెన్స్ వెనుక బ్రాయి పొయ్యి రాజేస్తారు. ఎవరూ బలవంతముగా సీసా నోటిలో పోయరు. అందరి చేతిలో ఒకటి ఉన్నది, నీ చేతిలో లేదు. అంతే. ఆ ఖాళీ చెయ్యే ఒత్తిడి. ఫోనులో పందెములు మరొకటి. బర్సరీ డబ్బు ఖాతాలో పడిన రోజుననే ఫుట్‌బాలు ఆట మీద యాభై రాండ్లు వేయవచ్చును. ఎవరికీ కనబడదు, వాసన రాదు. మూడవది కాపీ. 2022 చివరలో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత వ్యాసమంతా నిమిషములో తయారవుతున్నది. వెనుకటివలె ప్రక్కవాని కాగితము తొంగి చూడనక్కరలేదు గనుక దొంగతనమని అనిపించదు. ఆడపిల్లల, మగపిల్లల స్నేహము సంగతి మీకందరికీ తెలిసినదే.

విశ్వాసమునకు వచ్చే ఒత్తిడి రెండు వైపుల నుండి వస్తుంది. “చదువుకొని కూడా ఇంకా దేవుడంటావా?” అని నవ్వేవారు ఒకవైపు. మనము వీరినే చూసి భయపడతాము. రెండవ వైపు వారు మెల్లగా వస్తారు. ఒంటరిగా ఉన్న పిల్లను చేరదీసి, పాటలు పాడి, “మీ ఇంటి సంఘము చల్లారిపోయినది, మేమే నిజమైనవారము” అని చెప్పి, ఆమె సమయమును, డబ్బును, చివరకు ఇంటికి చేసే ఫోనును కూడా తమ చేతిలోకి తీసుకొనే గుంపులు ఉన్నాయి. ప్రార్థన పేరుతో వచ్చినంత మాత్రాన ప్రతి ఒత్తిడీ మంచిది కాదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. ఈ ఒత్తిడులన్నిటికీ తెలుగులో ఒక మంచి పేరు ఉన్నది. మొహమాటము! ఇంగ్లీషులో దీనికి సరియైన మాట మాకు నేటివరకు దొరకలేదు. ఎదుటివాడు నొచ్చుకొంటాడని మన ఇష్టమును మనమే మ్రింగుకొనుట మొహమాటము. మా అవ్వల కాలములో దీని మీద ఒక మోటు సామెత ఉండేది. సభలో చెప్పలేము, తెలిసినవారు నవ్వుకొంటున్నారు. మోటుదైనా అందులోని బుద్ధి గొప్పది. మొహమాటమునకు పోయినవారు చెల్లించే వెల ఎంతటిదో ఆ అవ్వలకు తెలుసును. మన పిల్లలలో చాలామంది చెడు మీద ఆశతో తప్పటడుగు వేయుట లేదు. మొహమాటముతో వేస్తున్నారు.

ఈ మొహమాటము వారికి ఎక్కడ అలవాటైనది? మన ఇండ్లలోనే. “పెద్దలు చెప్పితే ఎదురు చెప్పకూడదు. ఎవరైనా పెట్టితే వద్దనకూడదు. నలుగురిలో వేరుగా కనబడకూడదు.” పదునెనిమిది సంవత్సరములు ఇది నేర్పి, పందొమ్మిదవ ఏట ఒక్కరోజున, “అక్కడ అందరూ ఏమి చేసినా నీవు చేయవద్దు” అంటున్నాము. మొక్కగా వంగనిది మానుగా వంగదని మన సామెత. నిజమే. కాని వంగుట మాత్రమే నేర్చిన మొక్క ఏ గాలి వీచినా ఆ వైపే వంగుతుంది. ఇంట్లో గాలి మనది గనుక మనకు ఇంపుగా ఉండినది.

సాయంకాలపు తరగతిలో ఒకనాడు ఈ పాఠము పెట్టినాము. ఇంగ్లీషులో ‘నో’ అనే మాట ఒక్కటే. తెలుగులో లేదు, కాదు, వద్దు, కూడదు అని వేరువేరుగా ఉన్నాయి. పుస్తకము బల్లమీద ఉన్నదా అంటే ‘లేదు’. ఇది నీ పుస్తకమా అంటే ‘కాదు’. పుస్తకము కావలెనా అంటే ‘వద్దు’. ఇంకొకరి పుస్తకము తీయవచ్చునా అంటే ‘కూడదు’. పిల్లలు చక్కగా నేర్చుకొన్నారు. తరువాత ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరు ఏదో ఇవ్వవలెను, రెండవవారు మర్యాదగా కాదనవలెను అని చెప్పినాము. స్నేహితులతో అందరూ “వద్దు” అని గట్టిగా అన్నారు. తరువాత మేమే అత్త వేషము వేసి లడ్డూ పళ్ళెము చాచినాము. పదహారేండ్ల అమ్మాయి తల వంచుకొని, వద్దనలేక, లేని లడ్డూను చేతితో తీసుకొన్నది! తరగతి అంతా నవ్వినది. ఆ అమ్మాయీ నవ్వినది. మాకు మాత్రము ఆ రాత్రి ఆ నవ్వు ఊరకే పోలేదు.

‘కూడదు’ అన్నది శాసనము. అది బయటినుండి వస్తుంది. చెప్పేవారు ప్రక్కన ఉన్నంతవరకు పనిచేస్తుంది. ‘నాకు వద్దు’ అన్నది మనస్సు. అది లోపలినుండి వస్తుంది, ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. మన క్రైస్తవ ఇండ్లలో ‘కూడదు’కు లోటు లేదు. సినిమా కూడదు, తాగుడు కూడదు, ఆదివారము మానకూడదు. ఇవన్నీ మంచివే కావచ్చును. కాని కాలేజీలో పనికివచ్చేది ‘నాకు వద్దు’. ‘కూడదు’ను ‘నాకు వద్దు’గా మార్చే పని ఇంట్లోనే జరగవలెను. ఈ ప్రసంగము సారాంశము ఇంతే.

మన వేదములో ఇందుకు ఒక కథ ఉన్నది. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము కాలేజీకి పోయిన నలుగురు పిల్లల కథయే. నెబుకద్నెజరు రాజు యెరూషలేమును పట్టుకొని, యౌవనులను బబులోనుకు తీసుకొనిపోయినాడు. అక్కడ మూడు సంవత్సరములు కల్దీయుల భాష, కల్దీయుల విద్య నేర్వవలెను. ఈ దేశపు బి.ఏ. కూడా మూడు సంవత్సరములే! వారికి ఫీజు లేదు, భోజనము రాజుగారిది, ద్రాక్షారసము కూడా రాజుగారిదే. పేర్లు కూడా మార్చినారు. దానియేలు బెల్తెషాజరు అయినాడు. హనన్యా షద్రకు, మిషాయేలు మేషాకు, అజర్యా అబేద్నెగో అయినారు.

దానియేలు ఏమి చేసినాడు? చదువును వద్దనలేదు. పరభాషను వద్దనలేదు. కొత్త పేరుతో పిలిస్తే పోట్లాడలేదు. రాజు భోజనమును మాత్రము వద్దన్నాడు. అన్నిటికీ ‘కూడదు’ అనేవానికి ఏది ముఖ్యమో తెలియదు. దానియేలుకు తన గీత ఎక్కడ ఉన్నదో తెలుసును. ఆ గీతను పళ్ళెము ముందు కూర్చున్న తరువాత గీయలేదు, ముందే మనస్సులో గీసుకొన్నాడు. ఇంకొక సంగతి. అతడు కేకలు వేయలేదు. అధికారిని మర్యాదగా అడిగినాడు. రాజు కోపించునని అధికారి భయపడితే, ఆ భయమును ఎగతాళి చేయలేదు. “పది దినములు కూరగాయలు, నీళ్ళు ఇచ్చి చూడండి” అనే భావముతో తమను కనిపెట్టుకొని ఉన్నవానికి ఒక దారి చూపినాడు. పది దినముల తరువాత ఆ నలుగురి ముఖములే కళగా ఉన్నాయి. వద్దనుటకు మొరటుతనము అక్కరలేదని ఇక్కడ తెలుస్తున్నది. మొహమాటమునకు విరుగుడు కోపము కాదు, ముందుగా చేసుకొన్న నిశ్చయము, దానికి తోడు మంచి మాట. అతడు ఒంటరివాడు కూడా కాదు. నలుగురు కలిసి నిలిచినారు.

ఆ నలుగురి తల్లిదండ్రుల పేర్లు ఆ అధ్యాయములో లేవు. బబులోనులో వారు లేరు, ఫోను చేయలేదు, బుద్ధులు చెప్పలేదు. చేయవలసిన పని అంతకు ముందే చేసినారు.

ఇక, మాకు తెలిసిన ఒక కుటుంబము సంగతి చెప్పవలెను. వారి అనుమతితోనే చెప్పుచున్నాము. ఊరు, పేరు వద్దు. కుమారుడు దూరపు విశ్వవిద్యాలయములో చేరినాడు. మంచివాడు, చర్చిలో గిటారు వాయించేవాడు. ప్రతి ఆదివారము సాయంత్రము తల్లి ఫోను చేసి రెండు ప్రశ్నలు అడిగేది. “చర్చికి పోయినావా? పాసవుతున్నావా?” రెండింటికీ అతడు “ఔనమ్మా” అనేవాడు. రెండు సంవత్సరములు ఇట్లే జరిగినది. మూడవ సంవత్సరము డిగ్రీ పట్టా సభకు తల్లి చీర కొని, అత్తలకు, మామలకు చెప్పి, విమానము టిక్కెట్టు సంగతి ఎత్తినప్పుడు కుమారుడు ఫోనులో ఏడ్చినాడు. రెండవ సంవత్సరము సగములోనే అతడు తరగతులు మానివేసినాడు. ఆరంభములో ఒక్క సబ్జెక్టు తప్పినాడు. తరువాత పందెములలో కొంత డబ్బు పోయినది. అంతే. ఆనాడే చెప్పి ఉంటే ఒక్క సెలవులో సరిచేయగలిగిన సంగతి.

ఎందుకు చెప్పలేదని తరువాత తండ్రి అడిగితే అతడు, “నాయనా, మన ఇంట్లో ఆ రెండు ప్రశ్నలకు ‘లేదు’ అనే జవాబు నేను ఎప్పుడూ వినలేదు” అన్నాడట. ఆ మాట ఆ తండ్రి మాతో చెప్పినప్పుడు మేము ఏమీ అనలేకపోయినాము. స్నేహితునితో ‘వద్దు’ అనలేనివాడు తల్లితో ‘లేదు’ అనలేకపోయినాడు. రెండూ ఒకే మొహమాటము. ఆ అబ్బాయి ఇప్పుడు డర్బన్‌లోనే పనిచేసుకొంటూ సాయంకాలము చదువుకొంటున్నాడు. కుదుటపడినాడు. పోయిన కాలము మాత్రము పోయినది.

కనుక, తల్లిదండ్రులకు మేము మనవి చేసుకొనేది కొన్ని పనులు. ఇవి మెట్రిక్ పరీక్ష అయిన తరువాత చేసేవి కావు. పదమూడు, పదునాలుగు ఏండ్లకే మొదలుపెట్టవలసినవి.

మొదటిది, ఇంట్లో ‘వద్దు’ అనే మాటకు చోటు ఇవ్వండి. బిడ్డ క్వయరులో పాడను అంటే వెంటనే “ఎదురు చెప్పుతావా?” అనవద్దు. ఎందుకని అడగండి. మంచి కారణము చెప్పితే ఒప్పుకొనండి. చాలని కారణమైతే మీ కారణము చెప్పండి. గెలుపు ఎవరిదైనా, మర్యాదగా కాదనుట, కారణము చెప్పుట ఆ బిడ్డ నేర్చుకొంటాడు. తల్లికి భయపడకుండా వద్దన్న పిల్ల రేపు ఇంకొకరికి వద్దనగలదు.

రెండవది, ప్రతి ‘కూడదు’కు ప్రక్కన ‘ఎందుకు’ పెట్టండి. “పాస్టరుగారు ఏమనుకొంటారు? నలుగురు ఏమనుకొంటారు?” అన్నది కారణము కాదు. ఆ నలుగురు లేని ఊరిలో ఆ కారణము చచ్చిపోతుంది. తాగితే శరీరము ఏమగునో, ఆ రాత్రి కారు ఎవరు నడుపుదురో, కాపీ వ్రాసిన డాక్టరు రేపు ఎవరి ప్రాణము తీయునో చెప్పండి. శరీరము దేవుడిచ్చినదని, నిజము దేవునిదని చెప్పండి. వారు తర్కము నేర్వబోయేవారు. తర్కమునకు నిలిచే మాటయే వారి వెంట పోతుంది.

మూడవది, డబ్బు చేతికి ఇచ్చి నేర్పండి. నెలకు ఇంత అని ఇచ్చి, బస్సు, ఫోను, కానుక అన్నీ అందులోనే చూసుకోమనండి. ఇరువదవ తేదీకే అయిపోతే మిగతా పది రోజులు అట్లే గడపనివ్వండి. ఇంట్లో జరిగిన ఆ చిన్న కొరత కేప్ టౌన్‌లో జరిగే పెద్ద అప్పుకంటె మేలు.

నాలుగవది, ఆడపిల్లకు చెప్పినదే మగపిల్లవానికీ చెప్పండి. మన ఇండ్లలో ఆడపిల్లకు నూరు జాగ్రత్తలు, మగపిల్లవానికి ఒక కొత్త సూట్‌కేసు. 2019లో కేప్ టౌన్‌లో ఒక విద్యార్థిని దారుణముగా హత్యకు గురియైనప్పుడు దేశమంతటా యువతులు వీధులలోకి వచ్చి అడిగినది ఏమిటి? మమ్ములను జాగ్రత్తగా ఉండుమనుట చాలును, మీ కుమారులకు కూడా నేర్పండి అనియే గదా! ఒక అమ్మాయి ‘వద్దు’ అంటే అది ‘వద్దు’ అని మన అబ్బాయికి చెప్పవలసినవారు తల్లిదండ్రులే. తన ‘వద్దు’కు ఇంట్లో గౌరవము దొరికినవాడు ఇంకొకరి ‘వద్దు’ను గౌరవిస్తాడు.

ఐదవది, సందేహములకు భయపడవద్దు. పరిణామ సిద్ధాంతము చదివిన అమ్మాయి సెలవులకు వచ్చి ఆదికాండమును గురించి ప్రశ్న అడిగితే, ఆమె ఇంకా మనతో మాట్లాడుచున్నదని సంతోషించవలెను. జవాబు తెలియకపోతే “కలిసి చదువుదాము” అనండి. అడుగుట మానివేసిన బిడ్డను గురించి ఎక్కువ ఆలోచించవలెను. తొందరపెట్టే గుంపును కనిపెట్టే గుర్తు కూడా చెప్పి పంపండి. ప్రశ్న అడగనివ్వని చోట, ఇంటివారితో మాట్లాడవద్దన్న చోట, డబ్బు లెక్క చెప్పని చోట కూర్చుండవద్దు.

ఆరవది, ఫోనులో అడిగే ప్రశ్నలను మార్చండి. “ఔను” అని తప్పించుకొనలేని ప్రశ్నలు అడగండి. “ఈ వారము ఏది కష్టమైనది? ఎవరితో కలిసి తిన్నావు? మా కొరకు ఏమి ప్రార్థింతువు?” అని అడగండి. మీ కష్టము కూడా కొంచెము చెప్పండి. ఇంకొకటి, వెళ్ళే ముందు ఒక మాట ఇవ్వండి. “ఏ రాత్రి, ఏ స్థితిలో నుండి పిలిచినా ముందు నిన్ను క్షేమముగా గదికి చేర్చే ఏర్పాటు చేస్తాము. అడగవలసినవి తెల్లవారిన తరువాత అడుగుతాము.” ఆ మాటను తప్పకండి. ఒక్కసారి తప్పితే రెండవసారి ఆ ఫోను మ్రోగదు.

ఇన్ని చేసినా బిడ్డ తప్పిపోవచ్చును. అప్పుడేమి? ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానము మీకందరికీ తెలుసును. పందుల దగ్గర ఆకలితో కూర్చున్న ఆ కుమారునికి ఏమి గుర్తు వచ్చినది? తండ్రి చెప్పిన బుద్ధులు కాదు. తన తండ్రి ఇంట్లో కూలివారికి కూడా కడుపునిండ అన్నము దొరుకుతుందన్న సంగతి! ఆ ఇల్లు ఎటువంటిదో జ్ఞాపకము ఉండబట్టియే లేచినాడు. తండ్రి దూరమునుండే చూసి పరుగెత్తినాడు. అంతటి పెద్దమనిషి నలుగురిలో పరుగెత్తితే పరువు ఏమి కావలెను? ఆయన ఆ లెక్క వేయలేదు. మన పరువు మన బిడ్డ తిరిగివచ్చే దారికి అడ్డుగోడ కాకూడదు.

చివరగా సభవారికి, సంఘ పెద్దలకు ఒక మనవి. 1903లో పేద తెలుగు సంఘములు సముద్రమునకు అవతల ఉన్న తమవారి కొరకు కాపరిని పంపగలిగినవి. మనము ఈ దేశములోనే 1,600 కిలోమీటర్ల దూరములో ఉన్న మన పిల్లల కొరకు ఏమి చేస్తున్నాము? ప్రిటోరియాలో, జొహన్నెస్‌బర్గులో, కేప్ టౌన్‌లో మన కుటుంబములు ఉన్నాయి. నెలకు ఒక ఆదివారము ఇద్దరు విద్యార్థులకు అన్నము పెట్టగల ఇండ్ల పట్టిక ఒకటి తయారు చేద్దాము. హిందువుల ఇల్లయినా, క్రైస్తవుల ఇల్లయినా సరే, పప్పుచారు పప్పుచారే. కాని ఒక్క షరతు. ఆ ఇంటివారు మన గూఢచారులు కారాదు. పిల్లవాడు ఏమి చెప్పినాడో మనకు ఫోను చేసి చెప్పకూడదు. పాతకాలపు పది జతల కండ్లు తిరిగి రావు, రానక్కరలేదు. దానియేలుకు ముగ్గురు ఉండినట్లు, మన పిల్లలకు ప్రక్కన నిలిచేవారు కొందరు ఉంటే చాలును. పట్టికలో పేరు వ్రాయించదలచినవారి కొరకు ఈ సభ ముగిసిన తరువాత తలుపు దగ్గర కాగితము పెట్టి కూర్చుంటాము.

యువతీయువకులారా, మీకు ఒక్క మాట. మీ తల్లిదండ్రులు ‘కూడదు’ అన్నప్పుడు అది ప్రేమతోనే అన్నారు. వారికి తెలిసిన భాష అది. ఆ మాటలలో ఏవి నిలిచేవో చూసి, వాటిని మీ సొంత భాషలోకి, ‘నాకు వద్దు’ అనే మాటలోకి మార్చుకొనండి. మీరు చేయవలసిన అనువాదము అదే.

 దేవుడు మన పిల్లలను, వారు వెళ్ళే దారులను కాపాడునుగాక. సెలవు.